లోపల వదిలిన గుడ్డ

శాంతయ్య మిషను చక్రం పక్క చిల్లులో నూనెచుక్క వేసి, పాత గుడ్డపీలికతో తుడుస్తుండగా గుమ్మం ముందు కారు ఆగింది. ఇంజను మాత్రం ఆగలేదు. కిటికీలోంచి ముందు ఒక ప్లాస్టిక్ కవరు బయటికొచ్చింది, దాని వెనక గాజుల చెయ్యి, ఆ వెనక కొట్టు గది యజమాని ఇంటి కోడలు గీతాంజలి గొంతు.

"మాస్టారూ, మామయ్యగారి కోటండీ. రేపు ఫంక్షనుకి కావాలి, లెట్ అవుట్ చేసిపెట్టండి. నేను విజయవాడ వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తాను!"

కారు వెళ్ళిపోయింది. మాట ఉండిపోయింది.

ఆమె నోట్లోంచి బయల్దేరినప్పుడు అది ఒక్కటే మాట. తిరువూరు బస్టాండు వెనక సందులో ఉదయం పూట హారన్ల మధ్య నుంచి ఏ మాటైనా నలక్కుండా రావడం కష్టం. శాంతయ్య చెవికి చేరేసరికి అది 'లేటవుట్' అయింది. పక్క కొట్లో జిరాక్సు మిషను మూత ఎత్తిపట్టుకుని వింటున్న సుందరరావు చెవికి చేరేసరికి 'గెటవుట్' అయింది. ఈ కొట్లో సూది, ఆ కొట్లో సోది. మధ్య ఉన్నది ఒక్క ఇటుక మందం గోడ.

శాంతయ్యకి అరవై దాటాయి. సన్నటి మనిషి. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, పెదాల మధ్య గుండుసూది. ఆ గుండుసూది వల్ల ఆయన తక్కువ మాట్లాడతాడని కొందరంటారు, తక్కువ మాట్లాడటానికే ఆ గుండుసూది అని ఇంకొందరంటారు. ఏళ్ళ తరబడి ఒకే పక్కకి వంగి కుట్టడం వల్ల కుడి భుజం ఎడమ భుజం కన్నా కిందికి దిగింది. ఆ తేడా కనిపించకుండా తన చొక్కా తనే సర్ది కుట్టుకుంటాడు. వేరే దర్జీ కుట్టిన చొక్కా వేసుకుంటే తప్ప ఆయన వంకర ఎవరికీ తెలియదు. వేరే దర్జీ చొక్కా ఆయన వేసుకోడు.

కొట్టు పేరు 'శాంతి టైలర్స్'. చెప్పిన రోజున బట్టలిచ్చిన పాపాన పోలేదు కాబట్టి ఊళ్ళో సగంమందికి అది 'అశాంతి టైలర్స్'. ఎవరొచ్చి అడిగినా "రేపు రండి" అనేవాడు. ఆ రేపు రోజుకొక రోజు ముందుకి జరిగేది. ఒక జనవరి ఫస్టుకి సుందరరావు ఆ రెండు మాటల్నీ పెద్దక్షరాలతో ప్రింటు తీసి, లామినేషన్ చేసి, దారం కట్టి తెచ్చి తలుపుకి వేలాడదీశాడు. "ఊరికే నోరు నొప్పి ఎందుకయ్యా, వేలితో చూపించెయ్," అన్నాడు. వేళాకోళానికి కట్టిన అట్ట, నిజానికి సరిపోయింది గనక అక్కడే ఉండిపోయింది.

అయితే ఆ ఉదయం శాంతయ్య మనసులో రేపు లేదు. ఇవాళే ఆఖరు.

ఆ సంగతి ఆయనకీ, భార్య రూత్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. పొద్దున్న టీ గ్లాసు చేతికిస్తూ రూత్ అడిగింది: "ఇయ్యాలైనా నిజమేనా?"

"నిజమే."

"కిందటేడూ నిజమే అన్నావు."

కిందటేడు క్రిస్మస్‌కి ముందు శాంతయ్య చేసిన పొరపాటు ఒక్కటే, పని మానేస్తున్నానని నలుగురికీ చెప్పడం. విన్నవాళ్ళందరూ "అయ్యో" అన్నారు. అని ఊరుకోలేదు, ఇంటికెళ్ళి బీరువాలు దులిపారు. "నీ చేతి కుట్టు ఇంక దొరకదుగా" అంటూ మూటలు మూటలుగా గుడ్డలు తెచ్చి పోశారు. మానేస్తానన్నందుకు పని రెండింతలయింది. అందుకని ఈసారి ఎవరితోనూ అనకుండా, కొత్త గుడ్డ పట్టకుండా, బుట్టలో ఉన్నవన్నీ కుట్టి, ఎవరివి వాళ్ళకి చేర్చి, పొద్దుగూకేసరికి తలుపు మూసి వెళ్ళిపోవాలని నిర్ణయించుకున్నాడు. పెద్ద కారణాలేమీ లేవు. సూదిలోకి దారం ఎక్కనంటోంది. పెడలు తొక్కితే మోకాలు ముందే మూలుగుతోంది. కాజాలు కుట్టీ కుట్టీ కళ్ళు కాయలు కాశాయి. అవి తినే కాజాలైతే కడుపన్నా నిండేది.

అలాంటి రోజున కొత్త పని వద్దని చెప్పాల్సిన నోరు, ఆ కోటు చూసి మూతపడిపోయింది.

కవరు విప్పాడు. కలరా ఉండల వాసన గుప్పుమంది. ఒకప్పటి ముదురు నీలం కోటు, ఇప్పుడు ఉతికి ఉతికి వెలిసిన పలకబట్ట రంగు. శాంతయ్య దాని కాలరు వెనక వేలు పెట్టి తడిమాడు. ఆయన జన్మలో కుట్టిన మొదటి కోటు అది.

వినగడప నుంచి కుర్రతనంలో ఈ ఊరొచ్చి, మేనమామ దగ్గర చొక్కాలు లాగులు నేర్చుకుని, సొంతంగా మిషను పెట్టుకోవడానికి నీడ వెతుక్కుంటుంటే, గీతాంజలి మామగారు సీతారామారావు గారు వీధివైపున్న తన గది తలుపు తీసిచ్చాడు. "నువ్వు వదిలేదాకా ఇది నీదేనయ్యా," అన్నాడు. ఆ వారమే సూటు గుడ్డ తెచ్చి ముందు పడేశాడు. క్లబ్బుకి ప్రెసిడెంటు అవుతున్నాడు, కోటు కావాలి. "కుట్టగలవా?"

శాంతయ్య అప్పటిదాకా కోటు ముట్టుకోలేదు. కుట్టలేనంటే గది పోతుందేమోనని భయం, కుడతానంటే గుడ్డ పోతుందేమోనని భయం. ఈ రెండింటి మధ్యా నోటికొచ్చిన మాట, "రేపు రండి." ఒక పాత కోటు ఎరువు తెచ్చి, విప్పి, ఏ ముక్క ఎక్కడ అతికారో చూసుకున్నాడు. ఆ తర్వాత ఆ కోటు తయారవడానికి చాలా రేపులు పట్టాయి. ఆ మాట అలా నోట్లో పడింది, దారప్పోగులాగా నాలుకకి అంటుకుపోయింది.

ఇంకొక అలవాటు కూడా ఉంది. ఆయన ఏది కుట్టినా లోపల, కుట్టుకి అవతల, రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ మడిచి వదిలేస్తాడు. మిగతా దర్జీలు ఆ అంచు కోసేస్తారు. ఆయన కొయ్యడు. చిన్నప్పుడు క్రిస్మస్‌కి ఒక్క లాగు వచ్చేది. మరుసటి క్రిస్మస్ నాటికి అది ఎక్కడ పట్టకూడదో అక్కడ పట్టేసేది. వాళ్ళమ్మ లాంతరు దగ్గర కూర్చుని, కుట్టు విప్పి, లోపల ఏమన్నా గుడ్డ దొరుకుతుందేమోనని గోటితో లాగి లాగి చూసేది. ఏమీ ఉండేది కాదు. ఆ వెతికే గోరు శాంతయ్యకి గుర్తు. "మనిషి పెరుగుతాడు, గుడ్డ పెరగదు కదండీ," అంటాడు, ఎందుకింత లోపల పెట్టావని ఎవరైనా అడిగితే. కుట్టు తెలుసు గానీ కుట్ర తెలియని మనిషి. ఆ గుడ్డ మిగుల్చుకుని ఏం చేసుకోవాలో కూడా ఆయనకి తోచలేదు.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, పెద్దాయన పోయాక ఆ కోటు ఎవరు వేసుకోవడానికో ఆమె చెప్పలేదు. పెద్దాయన కొడుకు, గీతాంజలి భర్త కిరీటి తండ్రికన్నా లావు. మనవడు విశ్వతేజ ఎండు కందిపుల్ల. కిరీటి కోసమైతే వదులు చెయ్యాలి, విశ్వతేజ కోసమైతే కోసి బిగించాలి. వదులు చేసింది మళ్ళీ బిగించొచ్చు. కోసింది అతికించలేం. అంతా ఆ అర్థంకాని ఇంగ్లీషు ముక్కలో ఉంది. కిరీటికి ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఆగింది.

ఇంతలో సుందరరావు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మొహం నిండా సానుభూతి.

"ఏవయ్యా శాంతయ్యా, విన్నానులే. ఇంత అన్యాయమా?"

"ఏంటి విన్నావు?"

"గెటవుట్ అందిగా నిన్ను! పెద్దాయన పోయి ఏడాదన్నా తిరగలేదు, కోడలు గది ఖాళీ చెయ్యమంటోంది."

శాంతయ్య పెదాల మధ్య నుంచి గుండుసూది తీశాడు. ఆయన అది తీశాడంటే విషయం పెద్దదని లెక్క.

"నాకు లేటవుట్ అన్నట్టు వినపడింది."

"లేటవుట్ అనే మాటే ఇంగ్లీషులో లేదు. ఉన్నా, ఆలస్యంగా ఇమ్మని అర్థం. నీకా సంగతి ఇంకొకళ్ళు చెప్పాలా?"

"గది ఖాళీ చెయ్యమనేవాళ్ళు కోటెందుకిస్తారయ్యా?"

"ఆఖరి పని చేయించుకుని పంపిద్దామని! నాకు తెలీదా ఇంగ్లీషు? రోజూ ఎన్ని ఇంగ్లీషు కాయితాలు నా చేతి మీదుగా పోతన్నాయి!"

పోతున్నాయి, నిజమే. ఒక్కటి కూడా ఆగి ఆయనతో మాట్లాడదు.

సుందరరావు చెప్పినదాంట్లో సగం కత్తిరించి, మిగతాది ఉతికి ఆరేసి గానీ శాంతయ్య నమ్మడు. అయినా లోపల ఎక్కడో సూది గుచ్చుకుంది. తను వెళ్ళాలనుకున్న రోజునే వెళ్ళమన్నారా? మెట్టు అదే. కానీ తనంతట తను దిగడం వేరు, ఒకరు దించితే దిగడం వేరు. రేపు ఊళ్ళో ఏమంటారు? ఇన్నేళ్ళ తర్వాత మెడబట్టి గెంటారంటారు. కొలతల్లో ఎన్నడూ పడని కలత ఆయన మనసులో పడింది.

కోటు మేకుకి తగిలించి, కుట్టడం అయిపోయిన బట్టలన్నీ సంచీల్లో సర్ది, పాత మోపెడ్ మీద పెట్టుకుని బయల్దేరాడు.

ఊరు బెదిరింది అప్పుడే.

మేస్త్రి మరియదాసు సిమెంటు చేతుల్తో ప్యాంటు పొట్లం అందుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. "నాదేనా?"

"నీదే."

"నేనిచ్చింది మొన్ననే కదా మాస్టారూ. నేను అడగను కూడా లేదే!" శాంతయ్య వెళ్ళాక ఆయన తాపీ కింద పెట్టి, ఆలోచనలో పడ్డాడు.

సీతారావమ్మ గారైతే జాకెట్లు పక్కన పెట్టి ముందు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. మజ్జిగ ఇచ్చింది. తాగేదాకా మొహంలోకే చూసింది. "శాంతయ్యా, దాచకు. పరీక్షలు చేయించావా? రిపోర్టులేమన్నా తేడాగా వచ్చాయా?"

"నాకేం లేదమ్మగారూ."

"ఏం లేకుండా నువ్వు చెప్పిన రోజుకి ముందే బట్టలిస్తావా!"

ఈయన ఇటు బట్టలు పంచుతుంటే సుందరరావు అటు వార్త పంచుతున్నాడు. ఆధార్ కార్డు జిరాక్సుకి వచ్చినవాళ్ళకి కార్డుతోపాటు ఆ కబురు కూడా కాపీ తీసి ఇచ్చాడు. ఒరిజినల్ ఎలా ఉన్నా కాపీ ప్రతి చేతిలోనూ కాస్త పెద్దదైంది. మధ్యాహ్నానికి గీతాంజలి శాంతయ్యని గెటవుట్ అంది. కాసేపటికి మిషను వీధిలోకి తోసింది. ఆ తర్వాత ఆ దిగులుకి శాంతయ్య గుండె పట్టుకుని, పోయేలోపు అందరి బట్టలూ అందరికీ ఇచ్చేద్దామని ఊరంతా తిరుగుతున్నాడు.

ఇవేవీ తెలియని శాంతయ్య ఆఖరి పొట్లంతో హైస్కూలు వరండా ఎక్కాడు. ఇంగ్లీషు చెప్పే గ్లోరి టీచరు అక్కడ టిఫిను గిన్నె మూత తీస్తోంది. చిన్నప్పుడు ఆమె వేసుకున్న గౌన్లన్నీ శాంతయ్య చేతివే.

"బాబాయ్! జాకెట్టా? ఇవాళే?" పొట్లం చూసి, మొహం చూసి, గొంతు తగ్గించింది. "నిజం చెప్పు. డాక్టరేమన్నాడు?"

"ఎవరూ ఏమీ అన్లేదమ్మా. నిన్నొక మాట అడగాలి. లేటవుట్ అంటే ఏంటి?"

"ఎవరన్నారు, ఏం చేతికిచ్చి అన్నారు? అది చెప్పు. మాటని ఒంటరిగా పట్టుకుంటే ఏం చెప్పదు."

చెప్పాడు. కోటు సంగతి, కారు సంగతి, సుందరరావు సంగతి. గ్లోరి టీచరు గిన్నె పక్కన పెట్టి నవ్వింది.

"లెట్ అవుట్ అని ఉంటుంది బాబాయ్. లెట్ అంటే వదలడం. అవుట్ అంటే బయటికి."

శాంతయ్య మొహం వాడిపోయింది. "బయటికి వదిలెయ్యమనా? అయితే సుందరరావు చెప్పిందే రైటా?"

"అట్లా ముక్కలు కోసి అర్థం తియ్యకూడదు. మనకి మాత్రం లేవూ? 'ఒక జాకెట్టు కుట్టిపెట్టు బాబాయ్' అంటాను. కుడతావు సరే. పెట్టేదేంటి?"

శాంతయ్య నిజంగానే ఆలోచించాడు. "ఏమీ పెట్టను."

"'తొందరగా కుట్టెయ్' అంటారు. ఏం వేస్తావు?"

"ఏమీ వెయ్యను."

"'ఇంకెన్నాళ్ళు, కుట్టి చావు' అంటది మా అమ్మ. ఎప్పుడన్నా చచ్చావా?"

"ఇంతవరకూ లేదమ్మా."

"అదీ సంగతి. వెనక తోక తగిలిందంటే ముందున్న మాట రంగు మారుద్ది. ఇంగ్లీషు వాళ్ళకీ అలాంటి తోకలే ఉన్నాయి. దర్జీ దగ్గర లెట్ అవుట్ అంటే, లోపల మడిచి వదిలిన గుడ్డ ఉంటదే, కుట్టు విప్పి దాన్ని బయటికి తియ్యడం. బట్ట వదులు చెయ్యడం. నా గౌనుకి ఏటేటా జూన్లో నువ్వు చేసింది అదే. మా క్లాసులో అందరికీ ఏడాదికొక గౌను, నాకు ఒకటే గౌను, ఏడాదికొక అంచు. కింద పాత మడతల గీతలు చూసి నేనే క్లాసులో ఉన్నానో చెప్పేవాళ్ళు."

"అయితే కత్తెర పెట్టకూడదన్నమాట."

"అస్సలు పెట్టకూడదు. కిరీటి గారికే అయ్యుంటుంది. రేపు ఆయనే కదా క్లబ్బు ప్రెసిడెంటు అయ్యేది."

జన్మంతా చేసిన పనికి ఇంగ్లీషులో పేరుందని శాంతయ్యకి ఇవాళే తెలిసింది. పొద్దుటి నుంచీ గుండెల్లో మడిచిపెట్టుకున్న గాలంతా ఒక్కసారి వదిలాడు.

"అదిగో! ఇప్పుడు నువ్వు వదిలావే ఊపిరి, దాన్నీ లెట్ అవుట్ అనే అంటారు. సాయంత్రం బడి వదిలితే అదీ అంతే. గది అద్దెకిచ్చినా అంతే."

"అన్నిటికీ ఒకటే మాటా?"

"మనకీ అంతేగా. బడి వదిలారు, ఊపిరి వదిలాడు, గుడ్డ వదిలాడు..."

మరి కొట్టు వదిలాడంటే? అడగబోయి, గుండుసూది తీసి పెదాల మధ్య పెట్టుకున్నాడు.

కొట్టుకొచ్చి, సందువైపు తలుపు దగ్గరగా వేసుకుని, కోటు లైనింగు విప్పాడు. పాత బ్లేడు ముక్కతో పక్క కుట్లు ఒక్కొక్కటే తెంపాడు. ఎక్కడా గుడ్డ చిరగకుండా, ముల్లు తీసినంత నెమ్మదిగా. చివరి కుట్టు తెగగానే మడత తనంతట తనే విచ్చుకుంది.

అక్కడ ముదురు నీలం ఉంది. ఎండ చూడని, సబ్బు చూడని, దుకాణంలో తాను నుంచి కోసిన రోజు నాటి నీలం. దాని మీద సుద్దగీత కూడా కొద్దిగా మిగిలే ఉంది. గీత తిన్నగా లేదు. మధ్యలో వణికింది. తనకే నమ్మకం లేని ఒక కుర్రాడు గీసిన గీత. శాంతయ్య దాన్ని వేలితో తుడవబోయి, తుడవకుండా కొత్త గీత దాని పక్కనే గీశాడు.

కిరీటి కొలత ఆయన వేళ్ళకి తెలుసు. పక్కలు వదిలాడు, వీపు మధ్య వదిలాడు, మళ్ళీ కుట్టాడు, ఇస్త్రీ చేశాడు. అప్పుడు బుట్ట వంక చూశాడు. ఖాళీ. కాదు, అడుగున ఒకటుంది. ఎప్పటిదో క్రిస్మస్‌కి రూత్ ఇచ్చిన ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ. అందరి రేపులూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చాయి, రూత్ రేపు మాత్రం బుట్ట అడుగుకి జరుగుతూనే పోయింది. పండగ ముందు ఆమె అడిగేది, ఆయన తలుపుకున్న అట్ట చూపించేవాడు. తర్వాత ఆమె అడగడం మానేసింది.

ఆ గుడ్డ తీసి పరిచాడు. టేపు ముట్టుకోలేదు. రెండో ప్రయత్నానికి సూదిలో దారం ఎక్కింది. అలవాటుగా లోపల రెండు వేళ్ళ గుడ్డ మడిచి వదిలాడు.

బయట గోల వినబడింది. తలుపు తీస్తే సందు నిండా జనం. ముందు సుందరరావు. వెనక మరియదాసు తాపీతో సహా. సీతారావమ్మ గారు. ఎవరి చేతిలో వాళ్ళకి శాంతయ్య ముందే ఇచ్చేసిన పొట్లం, సాక్ష్యంలాగా.

"మాస్టారూ, భయపడబాకండి, మేమున్నాం," అన్నాడు మరియదాసు.

"దేనికి?" అన్నాడు శాంతయ్య.

అంతలో కారొచ్చింది. కిరీటి, గీతాంజలి దిగారు. జనం వాళ్ళని చూసి రెండు పాయలుగా చీలారు. ఆ చీలికలోంచి, కాలనీ నుంచి చెమటలు కక్కుకుంటూ నడిచొచ్చిన రూత్ దూసుకొచ్చింది.

"ఏమ్మా గీతాంజలమ్మా! మా ఆయన్ని గెటవుట్ అన్నావంట!"

"నేనా? నేనెప్పుడన్నానండీ?"

"ఎన్నేళ్ళ నుంచి నెత్తీనోరూ కొట్టుకుంటన్నా, ఇంక చాలు బయటికి రావయ్యా అని. కట్టుకున్నదాన్ని నేనంటే కదల్లేదు. నువ్వొక్కసారి అంటే కదిలిపోతాడా? ఇదేం న్యాయం?"

కోపం ఎవరి మీదో ఎవరికీ అర్థం కాలేదు, రూత్‌తో సహా. గీతాంజలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మాస్టారూ, మీరే చెప్పండి. నేను ఏమన్నాను?"

"నా చెవుల్తో విన్నా," అన్నాడు సుందరరావు.

"చెవుల్తో కాదు సుందరరావు గారూ, జిరాక్సు మిషనుతో విన్నట్టున్నారు," అంటూ బడి వదిలి వస్తున్న గ్లోరి టీచరు సందు చివర నుంచే అందుకుంది. "ఆమె అన్నది లెట్ అవుట్. కోటుని! మనిషిని కాదు." జనమంతా తొమ్మిదో తరగతి అయిపోయారు. టీచరు కోటు అందుకుని, లైనింగు ఎత్తి, ఏది ఎక్కడి నుంచి బయటికొచ్చిందో అందరికీ చూపించింది. మరియదాసు పైకి రెండుసార్లు అనుకున్నాడు, "లెట్ అవుట్, లెట్ అవుట్." సీతారావమ్మ గారు పొట్లంతో సుందరరావు భుజం మీద ఒక్కటిచ్చింది.

"అయితే మరి బట్టలు ముందే ఎందుకిచ్చావయ్యా!" అన్నాడు సుందరరావు భుజం రుద్దుకుంటూ. అప్పటికే అందరి కళ్ళూ కోటు తొడుక్కుంటున్న కిరీటి మీద ఉన్నాయి.

చేతులు దూరాయి. గుండీ పడింది. ఊపిరి బిగబట్టకుండానే పడింది. రెండు పక్కలా, వెలిసిన గుడ్డ మధ్య, ముదురు నీలం పట్టీ నిలువుగా దిగింది.

"అయ్యో, రంగు తేడా తెలుస్తోందే," అంది గీతాంజలి.

కిరీటి తల వంచి ఆ పట్టీ మీద చెయ్యి వేశాడు. "ఇది నాన్న కూడా చూసుండడు," అన్నాడు. కాసేపు ఆ చెయ్యి తియ్యలేదు. తర్వాత శాంతయ్య వైపు తిరిగాడు. "మాస్టారూ, ఫోను ఎత్తలేదు, తప్పు నాదే. నాన్న మీకిచ్చిన మాట నాకు తెలుసు. మీరు వదిలేదాకా ఈ గది మీదే."

సందంతా ఊపిరి వదిలింది.

శాంతయ్య గుండుసూది తీసి, మిషను మీదున్న మెత్తకి గుచ్చాడు.

"అయితే బాబూ, వదిలేస్తన్నా."

గోడకి ఆనుకున్న సుందరరావు నిటారుగా నిలబడ్డాడు.

"ఇయ్యాల పొద్దున్నే అనుకున్నా. ఎవరన్నా పొమ్మంటే పోలేకపోయేవాణ్ణి. పరువుకోసం పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఉండమన్నారుగా. ఇంక హాయిగా పోతా." తన జన్మలో ఒకేసారి అన్ని మాటలు అన్నందుకు తనే ఆశ్చర్యపోయినట్టు ఆగాడు.

"అయ్యో, మరి మా మనవరాలి ఓణీల ఫంక్షను..." అని సీతారావమ్మ గారు మొదలుపెట్టింది. వెనక ఇంకో గొంతు, "నాదొక్క సఫారీ..."

రూత్ చెయ్యెత్తింది. "ఒక్క గుడ్డ తెచ్చారంటే ఇప్పుడు నేనంటా గెటవుట్! నేను కరెక్టుగానే అంటా, టీచరమ్మని అడగండి."

ముందు గ్లోరి టీచరు నవ్వింది, ఆ తర్వాత సందంతా నవ్వింది. సుందరరావు నవ్వుతూనే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అన్నేళ్ళూ గోడకి అవతల నుంచి గడగడమనే మిషను చప్పుడు మీదే ఆయన మధ్యాహ్నం కునుకు తీసేవాడు.

జనం పల్చబడ్డారు. శాంతయ్య మిషను మీద గుడ్డ కప్పి, మెడలోని టేపు చుట్టి జేబులో పెట్టుకుని, కత్తెర సంచీలో వేసుకుని, తాళంచెవి కిరీటి చేతిలో పెట్టాడు. పొట్లం ఒకటి రూత్‌కి ఇచ్చాడు. ఆమె అంచు తప్పించి లోపలి ఆకుపచ్చ చూసింది. మోపెడ్ వెనక కూర్చుని, దాన్ని ఒళ్ళో రెండు చేతులతో పట్టుకుంది.

"పట్టుద్దంటావా ఇప్పుడు నాకు?" అంది, బండి కదిలాక.

"పట్టకపోతే లోపల ఉంది," అన్నాడు శాంతయ్య.

బండి మలుపు తిరిగిపోయింది. మూసిన తలుపు దగ్గరికి సుందరరావు వచ్చి, అట్ట దారం విప్పడానికి చెయ్యి చాపి, ఏమనుకున్నాడో, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. విజయవాడ బస్సు ఒకటి సందు చివర నుంచి పోతే ఆ గాలికి లామినేషన్ అట్ట అటూ ఇటూ ఊగి, ఒకసారి వెనక్కి తిరిగి, మళ్ళీ వీధివైపుకి మొహం పెట్టి నిలబడింది: రేపు రండి.